అక్క లేపే పాట, గాయని తెలియదు

ప్రగతి నగర్,
జనవరి 19

దేవిశ్రీ,

ఫోన్ చేయకు. నీ నంబరు తీసేశాను, వేరే నంబరు నుంచి చేసినా ఎత్తను. నోటితో అన్న మాటను రేపు అననే లేదంటావు. అందుకని ఏం చెప్పదలచుకున్నా కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి పంపు.

గచ్చిబౌలి దాటాక ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీ లైబ్రరీలో అసిస్టెంటుగా చేరి నాకు ఏడాదిన్నర అయింది. నువ్వు ఎన్నడూ అడగలేదు గనుక నీకు తెలిసి ఉండదు. రెండు నెలల కిందట మా దగ్గరికి మీ కంపెనీ సంగీత భాండాగారం వచ్చింది. విద్యార్థి తన రోల్ నంబరు కొడితే చాలు, కోరిన పాట కోరిన క్షణంలో వినొచ్చు. వాళ్లకు లాగిన్లు ఇవ్వడం, హెడ్‌ఫోన్లు అందించడం నా పని. పోస్టరు మీద మీ కంపెనీ పేరు చూసి, అందులో మా దేవి పనిచేస్తుందని పక్క సీటు ఆమెతో గొప్పగా చెప్పుకున్నాను కూడా. నా బుద్ధికి ఏం చెప్పాలి.

శుక్రవారం మధ్యాహ్నం రసజ్ఞ అనే మూడో సంవత్సరం పిల్ల పుస్తకం తిరిగివ్వడానికి వచ్చింది. కౌంటరు మీద వేళ్లతో తాళం వేసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తోంది. "అక్క లేపితే లేస్తివి కొడుకా." ఎక్కడిదీ పాట అని అడిగాను. "మీ లైబ్రరీలోదే మేడమ్, చదువుకునేటప్పుడు పెట్టుకుంటే మనసు ఎంత కుదురుగా ఉంటుందో" అని ఫోన్ తీసి చూపించింది.

తెర మీద ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. పేరు: అక్క లేపే పాట. రకం: తెలంగాణ మేలుకొలుపు. గాయని: తెలియదు. విన్నవారు: నాలుగు వేల రెండు వందల మంది.

అది మేలుకొలుపు కాదని నీకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఆరేళ్ల కిందట మా తమ్ముడు కుమార్ శవం వాకిట్లో ఉండగా మా అమ్మ తీసిన శోకం అది. నువ్వు ఆ రోజు పట్టుచీరతో వచ్చి గోడవారగా కూర్చున్నావు. ఒళ్లో ఫోన్ బోర్లా పెట్టుకున్నావు. నేను చూశాను. ఎవరికైనా మెసేజ్ వస్తుందేమో అనుకున్నాను.

అమీర్‌పేట కోచింగ్‌లో పక్క బెంచీలో కూర్చున్న రోజుల్లో, హాస్టల్ తిండికి నీకు పచ్చకామెర్లు వస్తే నాలుగు నెలలు మా ఇంట్లో ఉన్నావు. మాదాపూర్‌లో ఆఫీసు గదులు తుడిచి వచ్చి, మా అమ్మ నీకు పథ్యం వండి పెట్టేది. ఆమె పేరు నీకు తెలియదా?

మా పై పోర్షన్‌లో కిరాయికి ఉండే పిల్లది కూడా మా యూనివర్సిటీయే. ఏదో ఒక రోజు ఆ పిల్ల కిటికీలోంచి ఆ పాట కిందికి వినిపిస్తుంది. కింద అమ్మ కూర్చుని ఉంటుంది. అంతకు ముందే దాన్ని తీసేయాలి. వారం రోజులు ఇస్తున్నాను.

రేణుక

*

మాదాపూర్,
జనవరి 24

రేణూ,

నీ ఉత్తరం ఆఫీసుకు వస్తే నలుగురూ వింతగా చూశారు. ఇంత కోపం ఎందుకే? ఒక్కసారి ఫోన్ ఎత్తితే ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయం.

జరిగింది చెబుతాను. యూనివర్సిటీల వాళ్లు సినిమా పాటలు, కచేరీలు చాలు, ఇక్కడి జనం పాటలు కూడా కావాలన్నారు. గడువు తక్కువ. నా దగ్గర ఉన్న రికార్డింగులన్నీ ఒక ఫోల్డరులో వేసి పంపాను. అందులో ఇది కూడా పొరపాటున వెళ్లిపోయింది. పేరు, రకం పెట్టింది వేరే టీమ్. నేను గమనించేసరికి పిల్లలు దాన్ని బాగా వింటున్నారు.

అయినా నువ్వు అనుకుంటున్నంత ఘోరం ఏముంది? అమ్మ గొంతు ఈ రోజు పదకొండు యూనివర్సిటీల్లో వినిపిస్తోంది. ఒక అబ్బాయి, ఈ పాట వింటే మా అమ్మ గుర్తొస్తుంది అని రాశాడు. ఇది నీకు గర్వంగా అనిపించడం లేదా? అమ్మ పేరు వేయలేదన్నదే నీ బాధ అయితే, అది నిజంగా తప్పే, సరిదిద్దుతాను. అంగీకార పత్రం ఒకటి దీనితో పంపుతున్నాను. అమ్మ వేలిముద్ర వేయించి పంపితే లచ్చమ్మ గారి పేరు పెద్ద అక్షరాలతో వేయిస్తాను. తీసేయడం అంటే మాత్రం నా ఒక్కదాని చేతిలో లేదు, దానికో పద్ధతి ఉంది.

అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? చూడాలని చాలాసార్లు అనుకున్నాను. పనిలో పడి కుదరలేదు.

నీ
దేవి

*

ప్రగతి నగర్,
జనవరి 28

దేవిశ్రీ గారికి,

ఇకనుంచి నేను మీకు రేణూ కాను. మీరు నాకు దేవి కారు.

మీ అంగీకార పత్రం చింపి ఈ కవరులోనే పెట్టాను. మా అమ్మకు సంతకం పెట్టడం వచ్చు. నాలుగు నెలలు ఆమె చేతి అన్నం తిన్నవాళ్లకు ఆ మాత్రం గుర్తులేదు, వేలిముద్ర అడుగుతున్నారు.

పొరపాటున వెళ్లింది అన్నారు. పొరపాటున వెళ్లిన దాని వెనక ఏడుపులు ఎవరు తుడిచారు? ఆ రోజు మా వాకిట్లో ముప్పై మంది ఆడవాళ్లు గుండెలు బాదుకుంటున్నారు. మీ పాటలో వాళ్ల గొంతు ఒక్కటీ లేదు. మా అమ్మ ఒక్కతే తీరిగ్గా పొద్దున్నే లేచి పాడుతున్నట్టుంది. పొరపాటుకు అంత ఓపిక ఉంటుందా?

నాకు గర్వమెందుకు లేదని అడిగారు కాబట్టి చెబుతాను. మా జనగామ వైపు చావు దగ్గర ఆడవాళ్లు మాటలు కట్టి ఏడుస్తారు. ఆ ఏడుపులో ఎవరినైనా ఏమైనా అనొచ్చు. మొగుణ్ని, అత్తను, అన్నదమ్ములను, చచ్చినవాణ్ని, దేవుణ్ని. ఎవరూ ఎదురు చెప్పరు. శవం లేచాక ఆ మాటలు కూడా లేచిపోయినట్టే. మళ్లీ ఎవరూ ఎత్తరు, అన్నావు కదా అని అడగరు. మా నాయనమ్మ పోయినప్పుడు అమ్మ శోకం తీస్తూ, తల్లిని దవాఖానకు తీసుకుపోలేదని మా బాపును ఎన్ని మాటలన్నదో నాకు ఇంకా చెవుల్లో ఉంది. మూడో రోజు ఆయనకే కూర ఎక్కువేసి పెట్టింది. ఆయన తిన్నాడు. అంతే, అయిపోయింది.

అలా అయిపోవాల్సిన దాన్ని మీరు పట్టి ఉంచారు. ఎవడు ఎప్పుడు మీట నొక్కితే అప్పుడు మా అమ్మ ఏడవాలి. పరీక్షల కాలం కదా, రోజుకు వందసార్లు ఏడుస్తోంది. ఆ పాటలో అక్క అంటే ఎవరో మీకు తెలుసు. అది నేను. తమ్ముణ్ని లేపి పంపింది నువ్వే కదా అని మా అమ్మ నన్ను అన్న మాట అది. ఆ మాట దగ్గర నేను చెవులు మూసుకుని పెరట్లోకి పరుగెత్తాను, తర్వాతిదేదీ వినలేదు. ఆరేళ్లలో ఆమె ఆ మాట మళ్లీ అనలేదు, నేను అడగలేదు, అడగకూడదు. ఇప్పుడు అదే మాటను నా చేతులతో పిల్లలకు లాగిన్ ఇచ్చి వినిపిస్తున్నాను.

మీ గడువు అయిపోయింది. మా చీఫ్ లైబ్రేరియన్ భార్గవి మేడమ్‌కు ఫిర్యాదు రాసి ఇచ్చాను.

రేణుక

*

మాదాపూర్,
ఫిబ్రవరి 3

రేణుక గారికి,

మీ ఫిర్యాదు ప్రతి మాకు అందింది. మీరు గౌరవంగా రాయమంటున్నారు కాబట్టి అలాగే రాస్తున్నానండి.

ఒక రచనను భాండాగారం నుంచి తొలగించాలంటే, అది తనదని చెప్పేవారు రుజువు చూపించాలి. అందులో మీ అమ్మగారి పేరు లేదు. మీ తమ్ముడి పేరు లేదు. ఊరి పేరు లేదు. అక్క, కొడుకు అన్న మాటలు ఈ రాష్ట్రంలో ఏ ఇంట్లోనైనా ఉంటాయి. గొంతు పోలికను ఎవరూ రుజువుగా తీసుకోరు. భార్గవి గారు కూడా ఇదే అన్నారని విన్నాను.

ఇంకొక మాట. ఆ పాట పాడుకుంటున్నందుకు మీరు రసజ్ఞ అనే విద్యార్థినిని అందరి ముందు కసిరారని, ఆమె హెడ్‌ఫోన్లు లాక్కున్నారని మీ యూనివర్సిటీ నుంచే మాకు తెలిసింది. పిల్లలకు కావలసింది కావలసినప్పుడు ఇవ్వడానికే మిమ్మల్ని ఆ కౌంటరులో కూర్చోబెట్టారు. మీ ఇంటి కోపం పిల్లల మీద తీస్తే మీ ఉద్యోగానికే ఇబ్బంది. స్నేహితురాలిగా కాదు, తెలిసినదాన్నిగా చెబుతున్నాను.

నేను ఈ విషయంలో ఇంతకంటే రాయదలచుకోలేదు.

దేవిశ్రీ

*

ప్రగతి నగర్,
ఫిబ్రవరి 9

దేవిశ్రీ గారికి,

మీరు రాయకపోయినా ఫరవాలేదు, నేను రాస్తాను. చదవక తప్పదు మీకు.

భార్గవి మేడమ్ నన్ను పిలిచి, "రేణుకా, నీ బాధ నాకు అర్థమైంది, కానీ నీ దగ్గర ఏముంది చూపించడానికి" అంది. ఇంకోసారి పిల్లలతో గొడవ పెట్టుకుంటే కౌంటరు నుంచి తీసి పుస్తకాలు సర్దే పనికి వేస్తానంది. సరే మేడమ్ అన్నాను. ఆ సాయంత్రం హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీ పాట మొదటిసారి మొత్తం విన్నాను. ఇన్ని రోజులూ మొదటి మాట దగ్గరే ఆపేసేదాన్ని.

ఆరు నిమిషాల పాట. మా అమ్మ ప్రతి కొడుకా దగ్గర గొంతు సాగదీసి, తర్వాత ఊపిరి పీల్చుకుంటుంది. ఆ ఊపిరి మీ యంత్రానికి కూడా దొరకలేదు, వినిపిస్తూనే ఉంటుంది. "అక్క లేపితే లేస్తివి కొడుకా" తర్వాత మాత్రం ఊపిరి లేదు. వెంటనే "తువ్వాల భుజానేసి కొడుకా" వస్తుంది. మనిషన్నవాళ్లు అలా పాడలేరు. అక్కడ ఏదో కోసేశారు.

నా దగ్గర సాక్ష్యం లేదన్నారు కదా. ఆదివారం మా మేనమామ ఈశ్వరయ్య దగ్గరికి పోయాను. ఆ రోజు అమ్మను పట్టుకుని కూర్చుంది ఆయనే. ముందు "శోకంల మాటలు మళ్ల ఎత్తద్దు బిడ్డా, మంచిది గాదు" అన్నాడు. నేను ఏడిస్తే చూడలేక, చివరికి చెప్పాడు. "మీ అమ్మ నీ ఒక్కదాన్నే అనలేదు. ఆ మీ దోస్తు ఉండె గద, ఆంధ్ర పిల్ల, గామె పేరు గూడ తీసింది. గామె పిలిస్తెనే పోయిండని ఏడ్సింది. ఇంక శానా అన్నది, నాకు యాదిలేదు."

అంటే ఇదీ సంగతి. మీ పేరు కోసేసి నన్ను అన్న మాట ఉంచారు. నిజమే, పిలిచింది మీరు. తెల్లాపూర్‌లో మీ కొత్త ఫ్లాట్ గృహప్రవేశం. కాకినాడ నుంచి వచ్చే మీ అమ్మానాన్నలను లింగంపల్లి స్టేషన్ నుంచి తీసుకురావడానికి కుమార్ నడిపే కారు కావాలన్నారు. వాడు స్టేషన్ దాకా కూడా పోలేదు, దారిలోనే ఆగి ఉన్న టిప్పర్‌ను గుద్దుకున్నాడు. ఆ శోకంలో మీకూ ఒక మాట ఉంది, నాకూ ఒక మాట ఉంది. మీదాన్ని ఎవరికీ వినపడకుండా దాచుకున్నారు. నాదాన్ని మేలుకొలుపు అని పేరు పెట్టి ఊరంతా పంచారు. పేర్లన్నీ మీరే తీసేసి, పేర్లు లేవు కాబట్టి రుజువు లేదంటారా? మీకు సిగ్గుగా లేదూ?

కోయకముందుది మీ దగ్గర ఉండే ఉంటుంది. అది నాకు కావాలి. భార్గవి మేడమ్ ముందు పెడతాను.

రేణుక

*

తెల్లాపూర్,
ఫిబ్రవరి 15

రేణుకా,

ఈ ఉత్తరం ఆఫీసులో రాయలేదు. ఇంట్లో రాస్తున్నాను, మా అమ్మ గదిలో టీవీ చూస్తోంది. నిన్ను మీరు అనే ఓపిక నాకు లేదు.

అవును, కోశాను. పదకొండు నిమిషాలు ఉండేది. నా పేరు ఉన్నచోటు నుంచి, అది శోకమని తెలిసిపోయే మాటలన్నీ కలిపి ఐదు నిమిషాలు తీసేశాను. పేరు నేనే పెట్టాను, వేరే టీమ్ కాదు. పొరపాటూ కాదు. ఇప్పుడు సంతోషమా?

ఎందుకు రికార్డు చేశావు అని నువ్వు ఇప్పటిదాకా అడగలేదు. అడగకపోయినా చెబుతాను. మా వైపు చావు ఇంట్లో ఏడుస్తారు, కానీ అలా మాటలు కట్టి ఏడవడం నేను అంతకుముందు వినలేదు. మొదట నాకు సగం అర్థం కాలేదు. చేతులు ఊరుకోక మీట నొక్కాను. నొక్కిన కొంతసేపటికి నా పేరు వినిపించింది. అంతమందిలో నన్ను ఎవరూ తిరిగి చూడలేదు. నువ్వు చెప్పిన పద్ధతి నాకేం తెలుసు? అందరూ విని, నిజమేనని ఊరుకున్నారనుకున్నాను. ఇంటికి వస్తే, చావు ఇంటి నుంచి కొత్త గుమ్మం తొక్కుతావా అని మా అమ్మ మెట్ల మీదే నీళ్లు పోసింది. నీళ్లకు పోయేదా అది?

ఆరేళ్లుగా అది నా ఫోన్‌లో ఉంది. నాలుగు ఫోన్లు మార్చాను, ప్రతిసారీ దాన్నే ముందు ఎక్కించాను. ఎవరికీ చెప్పుకోలేను. ఒక్కదాన్నే వినలేకపోయాను. పాటలు కావాలి అన్నప్పుడు, ఇది ఇంకెవరైనా వింటే బాగుండు అనిపించింది. నా పేరు లేకుండా వింటే ఇంకా బాగుండు అనిపించింది. అంతే. దీన్ని ఏమంటావో అను.

ఇక నా వంతు. ఆ రోజు ఏడున్నరకు నేను ఫోన్ చేసి కుమార్ ఖాళీగా ఉన్నాడా అని అడిగాను. రాత్రి డ్యూటీ ఉండిందేమో, వద్దులే, వేరే కారు చూస్తాను అన్నాను. నువ్వేమన్నావు? "లేదు దేవీ, రాత్రంతా ఇంట్లోనే పడుకున్నాడు, పంపిస్తా" అన్నావు. పోలీసులు అడిగితే వాడు తెల్లవారి ఆరింటి దాకా ఐటీ వాళ్లను ఇళ్లకు చేరుస్తూనే ఉన్నాడని తేలింది. ఆ సంగతి నాకు వారం తర్వాత తెలిసింది. నేను నిన్ను ఆ మాట అడగలేదు. ఎవరికీ చెప్పలేదు. అడగకుండా ఉండడం మీ ఒక్కరికే వచ్చనుకోకు.

నాకు నీతులు చెప్పే ముందు అద్దంలో చూసుకో.

దేవిశ్రీ

*

ప్రగతి నగర్,
ఫిబ్రవరి 19

దేవిశ్రీ,

నిజమే. అబద్ధం చెప్పాను.

వాడు ఆరింటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా పడుకున్నాడు. నీ గృహప్రవేశానికి మా ఇంటి నుంచి ఏమీ పెట్టలేకపోయామని నాకు చిన్నతనంగా ఉండింది. కనీసం కారైనా మా కుమార్‌దే కావాలనుకున్నాను. ఎనిమిదింటికి లేపాను. లేవలేదు. దుప్పటి లాగాను. "అక్కా, జర ఆగవే, కండ్లు మండుతున్నయ్" అన్నాడు. మా దేవి ఏమనుకుంటుందిరా అని తిట్టాను. లేచి పోయాడు.

మా అమ్మ చెప్పకపోయినా నేనే చంపానని నాకు తెలుసు. కానీ ఆమె నోటితో చెప్పింది, అందుకే ఆరేళ్లుగా ఆమె కళ్లలోకి చూసి మాట్లాడలేదు. పెళ్లి సంబంధాలు తెస్తే వద్దన్నాను. ఆమె ఒకసారి "గట్ల ఎందుకుంటవే" అని అడిగితే, ఏం లేదన్నాను.

నా తప్పు నేను ఒప్పుకున్నాను. దాంతో నీది మాఫీ కాదు. నా అబద్ధం వల్ల ఒక్కడు పోయాడు, అది నా నెత్తి మీద ఉంటుంది. మా అమ్మ ఏడుపును అమ్మకానికి పెట్టినట్టు అరలో పెట్టింది మాత్రం నువ్వే. ఆ ఐదు నిమిషాల్లో నా గురించి ఇంకేం ఉందో ఉండనీ. పంపు.

రేణుక

*

మాదాపూర్,
ఫిబ్రవరి 27

రేణుకా,

పెన్‌డ్రైవ్ ఈ కవరులో ఉంది. పదకొండు నిమిషాలు, ఒక్క క్షణం కూడా కోయలేదు, తుడవలేదు. నా ఫోన్‌లోది, కంప్యూటరులోది చెరిపేశాను. ఇక ఉన్నది ఇదొక్కటే. నువ్వు నమ్మవని తెలుసు.

మా మేనేజరు ఆదర్శ్‌కు జరిగిందంతా రాసి ఇచ్చాను. నకలు జత చేశాను. పదకొండు యూనివర్సిటీల నుంచీ సోమవారమే తీసేశారు. పిల్లలు ఫోన్లలోకి దింపుకున్నవి ఉంటాయి, లాగిన్‌తో ముడిపడి ఉన్నాయి గనుక పదిహేను రోజుల్లో వాటంతట అవే పోతాయి. అప్పటిదాకా మీ పై పోర్షన్ పిల్లతో నువ్వే ఏదో ఒకటి చెప్పుకోవాలి. నన్ను జానపద విభాగం నుంచి తప్పించారు. ఉద్యోగం సంగతి వచ్చే నెల చెబుతారట.

ఇదంతా నీ ఫిర్యాదుకు భయపడి చేయలేదు. స్నేహం కొద్దీ కూడా చేయలేదు. నీ ఉత్తరాలు చదివాక నీ మీద నాకు ఉన్న కాస్త ప్రేమ కూడా పోయింది. నీకూ అలాగే ఉంటుంది.

నాలుగో నిమిషం తర్వాత విను. అక్కడ ఉన్నది నీకు ఆరేళ్ల కిందటే చెప్పి ఉండాల్సింది. చెబితే నా పేరు కూడా చెప్పాల్సి వచ్చేది. అందుకే చెప్పలేదు.

దేవిశ్రీ

*

ప్రగతి నగర్,
మార్చి 8

దేవిశ్రీ,

పెన్‌డ్రైవ్ అందింది. మూడు రోజులు బీరువాలో పెట్టి తాళం వేశాను. భార్గవి మేడమ్‌కు ఇవ్వాల్సిన అవసరం రాలేదు, పాట పోయిందని ఆమే పిలిచి చెప్పింది. రసజ్ఞ వచ్చి, అక్క లేపే పాట కనిపించడం లేదు మేడమ్ అని అడిగింది. ఈసారి కసరలేదు. కూర్చోబెట్టి అదేమిటో చెప్పాను. మా చెల్లి పుట్టినరోజుకు దాన్నే పెట్టి నిద్రలేపాను మేడమ్ అని చెప్పి వెళ్లిపోయింది. ఆ తర్వాత కౌంటరు వైపు రావడం లేదు.

తర్వాత విన్నాను. నీ పేరు వచ్చింది. "దేవమ్మ పిలువంగ పోతివి కొడుకా, దేవుడు పిలిచెనని ఎరుగవు కొడుకా." నాలుగో నిమిషం తర్వాతిది రాస్తున్నాను. నువ్వు వందసార్లు విని ఉంటావు, అయినా నా చేతితో రాయాలని ఉంది.

"అక్క చిన్నపిల్లరా కొడుకా, అక్కకేమి ఎరుక కొడుకా. ఎర్రబడ్డ కండ్లు సూసిన కొడుకా, ఎదురొచ్చి ఆపలేదు కొడుకా. చాయ వోసి నేనె పంపితి కొడుకా, కన్నతల్లే కాటికంపె కొడుకా."

నన్ను అన్నది ఒక్క మాట. నన్ను వదిలేసి తనను తాను అనుకున్నది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలు నువ్వు నీ ఫోన్‌లో పెట్టుకుని తిరిగావు. నేను పెరట్లో చెవులు మూసుకుని అక్కడే ఆగిపోయాను.

అమ్మకు తెలియకూడదనే ఈ యుద్ధమంతా మొదలుపెట్టాను. ఇది విన్నాక దాచలేకపోయాను. మొత్తం చెప్పాను, నీ అబద్ధాలూ, నా అబద్ధమూ. ఆమె అరవలేదు. వినిపించమంది. ఇంట్లో వద్దు, దీపం పెట్టే చోట అది పలకరాదు అంది. చెరువు కట్ట మీద బెంచీ దాకా నడిపించుకుపోయి, ఫోన్‌లో మెల్లగా పెట్టాను. పదకొండు నిమిషాలూ నీళ్లవైపు చూస్తూ వింది.

"గట్ల అన్ననా నేను?" అంది.

అన్నావమ్మా అన్నాను. నన్నొక్కదాన్నే అన్నావనుకున్నాను అన్నాను.

"నాకు ఒక్క మాట యాదిలేదు బిడ్డా. ఏడ్వంగ నోటికి ఏదొస్తే అదొస్తది. అది నేననే మాట గాదు, కడుపు అంటది. ఆరేండ్ల సంది గిది పెట్టుకోని తిరుగుతున్నవా? ఒక్కనాడన్న అడుగకపోతివి."

"అడగొద్దు గద అమ్మా."

"అవ్, అడగొద్దు" అంది. నా తల పట్టుకుని తన భుజానికి ఆనించుకుంది. కట్ట మీద నడిచేవాళ్లు చూస్తున్నా వదల్లేదు. అబద్ధం చెప్పి తమ్ముణ్ని లేపావు కదా అని నన్ను తిడుతుందేమోనని చూశాను. "నువ్వు లేపినవ్, నేను పంపిన. ఇద్దరం ఉన్నం" అంది. అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు.

తర్వాత నీ గురించి అడిగింది. ఉద్యోగం పోయేలా ఉందని చెప్పాను. పోనీ అనలేదు, అయ్యో అనలేదు. ఉత్తరం రాయమంది. ఆమె చెబుతుంటే రాస్తున్నాను, ఒక్క అక్షరం కోయకుండా.

"శోకంల నీ పేరు దీసి అన్నది లెక్కల లేదు. నా కొడుకును నువ్వు సంపలేదు. దాన్ని మొయ్యకు, ఇయ్యాలనే కింద పెట్టు. గని నన్ను అడుగకుండ నా ఏడ్పును పట్టుకపోయినవ్. నీకు పనికొచ్చిన కాడికి ఉంచుకోని మిగిలింది కోసినవ్. నలుగురికి ఆటకు పెట్టినవ్. గిది నేను ఏడ్సుకుంట అంటలేను బిడ్డా. నా కండ్లు పొడిగనే ఉన్నయ్. సోయిల ఉండి అంటున్న. గిది మాత్రం నువ్వు మొయ్యాలె."

రాసింది మళ్లీ చదివించుకుని, సరిగ్గానే ఉంది, పంపమంది. కింద తనే సంతకం పెట్టింది.

లచ్చమ్మ
రేణుక